కషాయం కాచే ముందు

(ఇంటివైద్యం మీద విజయవాడలో ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

అడ్డసరం దగ్గుకి మంచిదనీ, శొంఠి అజీర్ణానికి మంచిదనీ, కరక్కాయ విరేచనం సాఫీగా చేస్తుందనీ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళకి ఫోన్‌లో వీడియోలు చెబుతూనే ఉన్నాయి. ఆ పట్టిక మళ్ళీ చదవడానికి మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టడం న్యాయం కాదు. వీడియోల్లో సాధారణంగా చెప్పనివి నాలుగున్నాయి. మొక్కలో ఏ భాగం వాడాలి, ఎంత వాడాలి, ఎలా తయారు చేయాలి, ఎన్నాళ్ళకి ఆపాలి. ఇంటివైద్యం వికటించిందని వచ్చేవాళ్ళని నిదానంగా అడిగి చూస్తే ఈ నాలుగింట్లో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. ఇవాళ వాటి గురించే మాట్లాడతాను.

కషాయంతో మొదలుపెడదాం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆయుష్ క్వాథ్ అని ఒక మందు మిశ్రమం చెప్పింది. తులసి ఆకు 4 భాగాలు, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1 భాగం. ముతకగా దంచిన ఆ పొడి 3 గ్రాములు, మరిగిన నీళ్ళు 150 మిల్లీలీటర్లలో వేసి టీ తాగినట్టు రోజుకి ఒకసారో రెండుసార్లో తాగమన్నారు. అంతే. కానీ ఇళ్ళలో జరిగిందేమిటి? మిరియాలు గుప్పెడు పడ్డాయి, లవంగాలు, పసుపు, వెల్లుల్లి వచ్చి చేరాయి, పెద్ద గిన్నెలో గంటసేపు మరిగించి రోజుకి నాలుగైదు గ్లాసులు తాగారు. కడుపులో మంట, నోటిపూత, మొలలున్నవాళ్ళకి రక్తం పడటం, ఇవన్నీ చూశాం. చెప్పిన కొలతలో మిరియం వంతు మొత్తంలో తొమ్మిదో భాగం. మూడు గ్రాముల పొడిలో అది గ్రాములో మూడోవంతు, అంటే ఏడెనిమిది గింజలు. గుప్పెడుకీ దానికీ ఎంత తేడా ఉందో మీరే చూడండి.

మన ఆయుర్వేద శాస్త్రంలో మందుని నీటితో గానీ, దాని రసంతో గానీ తయారు చేసే పద్ధతులు ముఖ్యంగా ఐదు. పచ్చి ఆకు దంచి పిండితే స్వరసం. మెత్తగా నూరి ముద్ద చేస్తే కల్కం. నీళ్ళలో కాచి వడగడితే క్వాథం, మనం కషాయం అనేది దీన్నే. చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టి పొద్దున వడగడితే హిమం. వేణ్ణీళ్ళు పోసి మూతపెట్టి కాసేపటికి వడగడితే ఫాంటం. ఐదూ ఒకటే కదా, ఏదైతే ఏం అనుకోకూడదు. ఏ మూలికకి ఏ పద్ధతి అనేది దాన్లో ఉన్న గుణం ఎక్కడ ఉందనేదాన్ని బట్టి ఉంటుంది.

వేరు, బెరడు, ఎండిన కాయ, వీటిలో సారం గట్టిగా అతుక్కుని ఉంటుంది. మరిగిస్తే తప్ప రాదు. తులసి, వాము, యాలకులు, దాల్చినచెక్క అలా కాదు. వాటి బలం అంతా సువాసన నూనెలో ఉంది. ఆ నూనె ఆవిరితో లేచిపోతుంది. తులసిని అరగంట మరిగిస్తే ఇల్లంతా వాసన వస్తుంది గానీ గిన్నెలో మిగిలేది తక్కువ. అందుకని సువాసన ఉన్నవాటికి ఫాంటమే సరైన పద్ధతి. వేణ్ణీళ్ళు పోయడం, మూత పెట్టడం, పది నిమిషాలు ఆగడం. రెండు రకాలూ కలిసిన కషాయమైతే ముందు గట్టివాటిని కాచి, పొయ్యి ఆపాక తులసి, యాలకులు వేసి మూతపెట్టండి.

ఇక గట్టి సరుకుతో కషాయం కొలత. పాత ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహితలో చెప్పింది ఒక పలం మందుకి పదహారు రెట్లు నీళ్ళు, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచడం. పలం అంటే ఇప్పటి లెక్కలో 48 గ్రాములు. నీళ్ళు 768 మిల్లీలీటర్లు. మిగలాల్సింది 96. సగం పొద్దున, సగం సాయంత్రం. వైద్యుడు తక్కువ మోతాదు చెబితే అదే నిష్పత్తిలో తగ్గించుకోవాలి. 12 గ్రాములకి 192 మిల్లీలీటర్లు, మిగిలేది 24. ఇంత తక్కువ నీళ్ళయినప్పుడు వెడల్పాటి గిన్నె పెడితే అడుగంటిపోతుంది, చిన్న గిన్నె, సన్నని సెగ ఉండాలి.

ఎనిమిదో వంతు మిగిలిందని ఎలా తెలుస్తుంది? చాలామంది కంటితో చూసి దించేస్తారు. తేలిక పద్ధతి ఉంది. ఖాళీ గిన్నెలో ముందు 96 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, ఒక శుభ్రమైన పుల్ల నిలబెట్టి తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత పెట్టండి. తర్వాత మిగతా నీళ్ళు పోసి మందు వేసి కాయండి. మధ్యలో పుల్ల పెట్టి చూస్తూ ఉంటే సరిపోతుంది. పొడి కూడా నీళ్ళు తాగి కొంచెం ఉబ్బుతుంది కాబట్టి వడగట్టి గుడ్డతో గట్టిగా పిండాకే అసలు కొలత తేలుతుంది.

దంచడంలోనూ కిటుకుంది. మిక్సీలో మెత్తగా పొడి చేస్తే అది అడుక్కి చేరి మాడుతుంది, గుడ్డలోంచి దిగిపోతుంది, తాగితే గొంతులో పడుతుంది. చెక్కలు చెక్కలుగా వేస్తే సారం దిగదు. బొంబాయి రవ్వకన్నా కొంచెం ముతకగా ఉండాలి. బెరడు, వేరు లాంటివైతే ముందురోజు రాత్రే ఆ నీళ్ళలో నానేయండి. కాచేటప్పుడు మూత పెట్టొద్దని పూర్వులు చెప్పారు. మూతపెట్టి కాచిన నీరు అరగడానికి కష్టమని వాళ్ళ మాట. నీరు ఇంకాలి కాబట్టి ఆచరణలో కూడా మూత లేకపోవడమే సౌకర్యం.

పాత్ర విషయం. స్టీలు, మట్టి, గాజు వాడుకోండి. కరక్కాయ, ఉసిరి, తానికాయ వేసే కషాయాన్ని ఇనప మూకుడులో కాస్తే నల్లగా అయిపోతుంది. వాటిలోని వగరు ఇనుముతో కలిసి అలా అవుతుంది. వెనకటికి కరక్కాయ, ఇనుముండే అన్నభేది అనే లవణం కలిపి రాతసిరా చేసుకున్నది ఈ గుణంతోనే. అదే కారణంగా, రక్తహీనతకి ఐరన్ మాత్రలు వేసుకునే ఆడవాళ్ళు ఈ మూడు కాయలూ కలిసిన త్రిఫల గానీ కరక్కాయ గానీ మాత్రతో పాటు తీసుకోకూడదు. కడుపులో కూడా అదే జరిగి ఇనుము ఒంటికి పట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

కాచిన కషాయం ఆ రోజుకే. సాయంత్రానికి మిగిలితే మళ్ళీ వేడిచేసి మరుసటి రోజు తాగొద్దు. మన కృష్ణా తీరం వేడికీ ఉక్కకీ రాత్రికే పులిసిపోతుంది. తేనె కలుపుకోవాలంటే గోరువెచ్చగా అయ్యాకే.

ఇక్కడ పచ్చి మూలికకీ ఎండినదానికీ ఉన్న లెక్క చెప్పుకోవాలి. పుస్తకంలో ఎండినది ఇంత అని ఉండి మీ దగ్గర పచ్చిది ఉంటే రెట్టింపు తీసుకోవాలి, పచ్చిదాంట్లో నీరు ఉంటుంది గనక. కానీ ఈ నియమానికి లోబడనివి కొన్ని ఉన్నాయి. తిప్పతీగ, అడ్డసరం, కొడిసపాల, బూడిదగుమ్మడి, పిల్లపీచర అంటే శతావరి, పెన్నేరు అంటే అశ్వగంధ, ఈ వరుసలోవి. వీటిని పచ్చివే వాడమన్నారు, పైగా రెట్టింపు చేయొద్దన్నారు. తెలిసీ తెలియక ఎండుతీగ లెక్కని రెట్టింపు చేసి పచ్చి తిప్పతీగ తాగేవాళ్ళు చాలామంది.

ఇదిగో, ఈ తీగ తిప్పతీగ. దగ్గరికి తెచ్చి చూపిస్తాను, ముందు వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి అందించండి. కాడ బొటనవేలు లావుంది. పైన బూడిదరంగు పలచని పొర, గోటితో గీరితే లేచిపోతుంది. కింద ఆకుపచ్చ కనబడుతుంది. మీద తెల్లటి చిన్న చుక్కలున్నాయి, అవి ఈ మొక్క ఊపిరి తీసుకునే రంధ్రాలు. అడ్డంగా కోస్తే మధ్యనుంచి అంచుకి గీతలు కనబడతాయి. ఆకు గుండె ఆకారంలో ఉండి రెండు వైపులా నున్నగా ఉంటుంది. ఆకు మీద నూగు తగిలితే అది వేరే రకం. కాడ నిండా లావుపాటి బుడిపెలుంటే అదీ వేరే జాతి. దాన్ని వాడొద్దని ఆయుష్ శాఖ 2022లో స్పష్టంగా ప్రకటన ఇచ్చింది. కాయలు చూసినా తెలుస్తుంది. అసలైనదానికి పండు గుండ్రంగా ఎర్రగా ఉంటుంది. ఆ బుడిపెల తీగకి కోలగా నారింజరంగులో ఉంటుంది. వేపచెట్టు మీద పాకినదైతే శ్రేష్ఠం అంటారు. గన్నేరు, ముషిణి లాంటి విషపు చెట్ల మీద పాకినదాన్ని కోయకపోవడం మంచిది, కోసేటప్పుడు ఆ చెట్టు రెమ్మ, బెరడు కలిసిపోవచ్చు.

మోతాదు కషాయానికి 20 నుంచి 30 గ్రాములు. పొడి అయితే 3 నుంచి 6 గ్రాములు. ఎన్నాళ్ళు అనేది ముఖ్యం. జ్వరం తగ్గాక నీరసానికి రెండు మూడు వారాలు వాడటం వేరు, రోగనిరోధక శక్తి అంటూ ఏడాది పొడుగునా తాగడం వేరు. 2021లో ముంబయి వైద్యులు, కరోనా రోజుల్లో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, మొక్కని సరిగా గుర్తించలేదని వాదించింది. ఆ వాదన ఎలా ఉన్నా, ఈ తీగ రోగనిరోధక వ్యవస్థని ప్రేరేపిస్తుందని చెబుతూనే, ఆ వ్యవస్థే సొంత ఒంటిమీద తిరగబడిన జబ్బులున్నవాళ్ళకి దీన్ని ఇవ్వడం సరికాదు. రుమటాయిడ్ కీళ్ళవాతం, లూపస్, ఆటోఇమ్యూన్ కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడక్కుండా ముట్టుకోవద్దు. వాడుతున్నప్పుడు మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, ఆకలి చచ్చిపోయినా, కళ్ళు పచ్చబడినా ఆ రోజే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

తిప్పసత్తు గురించి అడుగుతుంటారు. చేయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. బొటనవేలు లావు కాడలు కడిగి, పై పొర గీసేసి, వేలెడు ముక్కలు చేసి నలగ్గొట్టాలి. దానికి నాలుగు రెట్లు నీళ్ళు పోసి రాత్రంతా ఉంచాలి. పొద్దున చేత్తో బాగా పిసికి, పిప్పి తీసేసి, నీళ్ళు గుడ్డలో వడగట్టి కదపకుండా వదిలేయాలి. నాలుగైదు గంటలకి అడుగున తెల్లగా పేరుకుంటుంది. పై నీళ్ళు మెల్లిగా వంచేసి ఆ ముద్దని నీడపట్టున ఆరబెట్టాలి. కిలో కాడలకి వచ్చేది చాలా కొద్ది. అందుకే మార్కెట్లో చవగ్గా అమ్మే తిప్పసత్తు మీద నమ్మకం పెట్టుకోకండి. గంజిపిండి కలిపినా తెల్లగానే ఉంటుంది.

అడ్డసరం. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళకి, ఆ ఘాటుకి దగ్గే మనుషులకి దీని విలువ బాగా తెలుసు. ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. కఫం కరిగించడానికి అల్లోపతి డాక్టర్లు రాసే సిరప్‌లలో అది ఉంటుంది, అంబ్రాక్సాల్ కూడా దాన్నుంచి వచ్చిందే. అంటే ఇది కఫం బిగుసుకున్న దగ్గుకి పనికొచ్చే ఆకు. పొడిదగ్గుకి, గొంతు గీరుకుపోయే దగ్గుకి దీన్నుంచి పెద్దగా ఆశించకండి.

దీని పచ్చి ఆకు ఎంత దంచినా రసం ఇవ్వదు. అందుకే పుటపాకం చెప్పారు. ఆకు నూరి ముద్ద చేసి, మర్రి ఆకుల్లోనో అరిటాకులోనో చుట్టి, పైన మట్టి మెత్తి, మట్టి ఎర్రబడేదాకా నిప్పుల్లో పెట్టి, తీసి పిండడం. అపార్ట్‌మెంట్లలో ఇది కుదరదు. ఇడ్లీ పాత్రలో ఆకుల్ని పది నిమిషాలు ఆవిరి పట్టించి, వేడి మీదే దంచి గుడ్డలో పిండితే రసం బాగానే దిగుతుంది. పెద్దవాళ్ళకి 10 నుంచి 20 మిల్లీలీటర్లు, తేనెతో, రోజుకి రెండుసార్లు, ఐదారు రోజులు. అంతకు మించి తీసుకుంటే వాంతి వస్తుంది. గర్భిణులకి ఇది పూర్తిగా నిషిద్ధం. గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉందీ ఆకుకి. దగ్గుతో రక్తం పడుతున్నా, రెండు వారాలు దాటినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా ముందు కళ్ళె పరీక్ష చేయించండి. క్షయని ఇంట్లో ఆకుతో దాచిపెట్టకూడదు.

దగ్గు కషాయంలో అతిమధురం వేసుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. అది తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలూ పెద్దలూ ఇష్టంగా తాగుతారు. రోజూ వారాల తరబడి తాగితే ఒంట్లో నీరు నిలిచి, పొటాషియం తగ్గి, బీపీ పెరుగుతుంది. బీపీకి మందు వాడేవాళ్ళు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళు అతిమధురం లేని కషాయం అడిగి తీసుకోండి.

త్రిఫలకి వద్దాం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ సమభాగాలు. సమభాగాలంటే కాయల బరువు కాదండీ, గింజ తీసేసిన పెచ్చుల బరువు. చాలామంది కాయని కాయగా మిక్సీలో వేసేస్తారు. గింజ గట్టిగా, బరువుగా ఉంటుంది. అది కలిస్తే పొడి సగం పనికిరాని పదార్థమే. తానికాయ గింజలో పప్పు మత్తు కలిగిస్తుంది, అది అసలు కలవకూడదు. మూడు కాయల్నీ విడివిడిగా నలగ్గొట్టి, గింజలు ఏరేసి, పెచ్చు ఎండబెట్టి, విడివిడిగా పొడి చేసి, జల్లించాక తూకం వేసి కలపండి. పెద్దవాళ్ళకి 3 నుంచి 6 గ్రాములు, రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళతో. విరేచనం నీళ్ళగా అవుతుంటే మోతాదు ఎక్కువైనట్టే, సగానికి తగ్గించండి. విరేచనానికి వాడే సునాముఖి ఆకు కలిపిన పొడులు వేరు. వాటిని వారం పది రోజులకి మించి వాడితే పేగు అలవాటు పడి, అది లేకుండా కదలనంటుంది.

పొడి ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది? పూర్వుల లెక్క ఇది. పొడి చేయకుండా ఎండబెట్టిన మూలికకి ఏడాది, చూర్ణానికి రెండు నెలలు, మాత్రకీ లేహ్యానికీ ఏడాది. తర్వాత బలం తగ్గుతుంది. మన దగ్గర జూలై నుంచి నవంబరు దాకా గాలిలో చెమ్మ ఎక్కువ. రెండు నెలలు కూడా గడవకముందే పొడి ఉండలు కడుతుంది. ఉండ కట్టిన పొడి, బూజు వాసన వచ్చే కరక్కాయ, లోపల నల్లబడ్డ శొంఠి పారేయండి, ఎండలో పెట్టి మళ్ళీ వాడొద్దు. బూజులోంచి పుట్టే విషం ఎండకీ పోదు, మరిగించినా పోదు, కాలేయానికి హాని చేస్తుంది. కాయలుగా కొని నెలకి సరిపడా మాత్రమే పొడి చేసుకుని, సీసా మీద తేదీ రాయండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కూడా చెబుతాను. ఇవిగో రెండు దాల్చినచెక్కలు. ఒకటి మందంగా, గరుగ్గా, ఒకే చుట్టుగా ఉంది, విరిస్తే ఠక్కుమంటుంది. రెండోది పలచని పొరలు ఒకదాన్లో ఒకటి చుట్టుకుని, చేత్తో నలిపితే పొడైపోతోంది. మొదటిది మనం బిర్యానీలో వేసే కాసియా. రెండోది అసలు దాల్చిన. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాలకొద్దీ తీసుకుంటే కాలేయానికి మంచిది కాదు. కూరలో వేసే ముక్కతో ఏమీ కాదు. షుగరు తగ్గుతుందని పొడి చేసుకుని నెలల తరబడి మింగేవాళ్ళ గురించే నా బెంగ. మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు. నీళ్ళలో వేస్తే అవి తేలుతాయి, మంచి మిరియం మునుగుతుంది.

పసుపు మనకి పక్కనే దుగ్గిరాల యార్డులో దొరుకుతుంది కాబట్టి కొమ్ములు కొని పట్టించుకోవడం అన్నిటికన్నా క్షేమం. కొమ్ముకి మెరుపు రావడానికి పైన రంగు పట్టించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అందులో లెడ్ క్రోమేట్ ఉంటే సీసం ఒంట్లోకి పోతుంది, పిల్లల బుద్ధి ఎదుగుదలకి అది పెద్ద శత్రువు. గ్లాసు నీళ్ళలో కొమ్ము వేసి చూడండి. రంగు అద్దినదైతే వెంటనే పసుపుపచ్చ చారలుగా వదులుతుంది, మంచిదైతే నీళ్ళు దాదాపు తేటగానే ఉంటాయి.

పసుపులో కుర్కుమిన్ ఉండేది 2 నుంచి 5 శాతం వరకే, అదీ నీళ్ళలో కరగదు. వేణ్ణీళ్ళలో చిటికెడు పసుపు కలుపుకుంటే గొంతుకి హాయిగా ఉండొచ్చు గానీ రక్తంలోకి చేరేది అత్యల్పం. పాలతో, నేతితో తీసుకోవడంలో అర్థం అదే, కొవ్వులో అది కరుగుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియంలోని కారపు పదార్థం, కలిపి ఇచ్చి చూస్తే రక్తంలో చేరడం 20 రెట్లు పెరిగింది. ఈ సంగతి అందరూ చెబుతారు. దాని రెండోవైపు ఎవరూ చెప్పరు. మందుల్ని విరిచి బయటికి పంపే కాలేయపు పనిని పైపరిన్ అడ్డుకుంటుంది కాబట్టి, మీరు వేసుకునే వేరే మాత్రలు కూడా రక్తంలో ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులో నిలుస్తాయి. ఫిట్స్‌కి ఫెనిటాయిన్, ఉబ్బసానికి థియోఫిలిన్, గుండెకి ప్రొప్రనొలాల్ వాడేవాళ్ళకి ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. చారులో మిరియం గురించి భయపడొద్దు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణం రోజూ గ్రాములకొద్దీ తీసుకుంటే మీ డాక్టరుకి చెప్పండి.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

"పసిబిడ్డకి వస కొమ్ము అరగదీసి పెట్టొచ్చా?" పెట్టొద్దమ్మా. మాటలు బాగా వస్తాయని, కడుపునొప్పి తగ్గుతుందని తరతరాలుగా పెడుతున్నారు, ఆ ప్రేమని నేను కాదనను. కానీ మన దేశపు వస కొమ్ములో బీటా అసరోన్ చాలా ఎక్కువ. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది క్యాన్సర్ కలిగించింది, అందుకే 1968లో అమెరికా దాన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. సాన మీద ఎన్ని తిప్పులు తిప్పితే ఎంత దిగుతుందో కొలత లేదు. నాలుగు తిప్పులు ఎక్కువైతే బిడ్డకి వాంతులు పట్టుకుంటాయి. ఏడాది లోపు బిడ్డ నాలిక్కి తేనె రాయడం కూడా మానండి. తేనెలో ఉండే ఒక క్రిమి బీజాలు ఏడాది నిండని పేగులో మొలిచి, కండరాలు చచ్చుబడేలా చేస్తాయి. కాచినా ఆ బీజాలు చావవు.

"షుగరుకి పొడపత్రి, మెంతులు." పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే తీపి తెలియదు, అది నిజం. చక్కెర కూడా కొంత తగ్గిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఇది కూడా మొదలుపెడితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. మొదలుపెట్టిన రెండు వారాలు పరగడుపున, రాత్రి పడుకునే ముందు చూసుకోండి. మెంతుల మీద హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పనిచేశారు. వాళ్ళు వాడిన మోతాదు రోజుకి 25 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా. మనం రాత్రి నానబెట్టి మింగేది ఒక చెంచా, అంటే నాలుగు గ్రాములు. దాంతో ఫలితం లేదని మెంతుల్ని తిట్టి లాభం లేదు. 25 గ్రాములు ఒకేసారి తినలేరు, కడుపు ఉబ్బరిస్తుంది. పిండి చేసి రొట్టెలో, మజ్జిగలో, పప్పులో రెండు మూడు పూటలకి పంచుకుని, వారంలో మెల్లగా పెంచుకోవాలి. మాత్ర మానేసి మాత్రం కాదు.

"నల్లేశ్వరి వేరు, గాడిదగడపాకు పాముకాటుకి పనిచేస్తాయా?" ఈ ప్రశ్న రాసినవాళ్ళకి కృతజ్ఞతలు. పాముకాటుకి పనిచేసే మందు విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే, అది ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉంటుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఆ ఒక్క మందే. కాటు చోట కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏమీ వద్దు, ఆ అవయవం కదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఇక ఆ రెండు మొక్కలూ ఒకే కుటుంబానివి. వాటిలో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. బెల్జియంలో బరువు తగ్గడానికని ఇచ్చిన మూలికల్లో ఈ కుటుంబపు మొక్క పొరపాటున కలిసి, మూత్రపిండాలు పాడైన వాళ్ళ సంగతి 1993లో బయటపడింది, తర్వాత లెక్క వంద దాటింది. వాళ్ళలో కొందరికి మూత్రనాళంలో క్యాన్సర్ కూడా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. నులిపురుగులకని పిల్లలకి గాడిదగడప పసరు పట్టడం మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి ఆపించండి. ఆల్బెండజోల్ మాత్ర అంగన్‌వాడీలో ఊరికే ఇస్తున్నారు.

"ముషిణి గింజలు, నల్లజీడి ఇంట్లో శుద్ధి చేసుకోవచ్చా?" వద్దు. ముషిణి గింజని శుద్ధి చేయడమంటే నానబెట్టడం, పాలల్లో ఉడికించడం, పై పొట్టూ మధ్య మొలకా తీసేయడం, నేతిలో వేయించడం. ఇన్ని చేసినా అందులో స్ట్రిక్నిన్ తగ్గుతుంది గానీ పోదు. నల్లజీడి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మన ఔషధ నిబంధనల్లో ఇవీ, నాభి అనే విషపు దుంపా విషపదార్థాల జాబితాలో ఉన్నాయి. వీటితో చేసిన మందు పెట్టె మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలని ముద్రించాలి. అది లేని పెట్టె, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని పొట్లం కొనొద్దు. షుగరు, క్యాన్సరు పూర్తిగా నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం, అలాంటి ప్రకటన కనబడితే ఆ మందుకి దూరంగా ఉండండి.

"పచ్చకామెర్లకి నేల ఉసిరి పసరు." దీనికి కొంచెం ఓపిగ్గా వినాలి. వానాకాలంలో మన వైపు వచ్చే కామెర్లలో ఎక్కువ కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ వైరస్‌ల వల్ల. వాటిలో చాలామందికి నాలుగైదు వారాల్లో తనంతట తగ్గిపోతుంది. ఆ మధ్యలో ఏ పసరు తాగినా పసరు వల్లే తగ్గిందనిపిస్తుంది. 1988లో మద్రాసు వైద్యులు నేల ఉసిరితో హెపటైటిస్-బీ వైరస్ పోతుందని లాన్సెట్‌లో ప్రచురించారు, పెద్ద ఆశ పుట్టింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. తాగడం వల్ల పెద్దగా హాని లేదు గానీ ఆలస్యం వల్ల ఉంది. మలం సున్నపు రంగులో వస్తున్నా, ఒళ్ళంతా దురదగా ఉన్నా పిత్తనాళంలో రాయి గానీ గడ్డ గానీ అడ్డు ఉందేమో స్కాన్ చేయాలి, పసరు దాన్ని కదల్చదు. మాట తడబడినా, పగలు నిద్రపోయి రాత్రి మేలుకున్నా కాలేయం ఓడిపోతోందన్నమాట. గర్భిణికి హెపటైటిస్-ఈ వైరస్‌తో కామెర్లు వస్తే, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, నూటికి ఇరవై పాతిక మంది దాకా చనిపోతారు. ఆమెని ఆ రోజే ఆస్పత్రిలో చేర్చాలి. కామెర్లు దిగుతాయని కంట్లో పసరు పోయడం, ముక్కులో చుక్కలు వేయడం, చేతికి వాత పెట్టడం మూడూ హాని చేసేవే. కంట్లో ఆకుపసరుతో కంటి నల్లగుడ్డు మీద పుండు పడి చూపు పోతుంది.

ఆఖరి చీటీ. "వచ్చే నెల మోకాలి ఆపరేషన్ ఉంది, పసుపు మాత్రలు, వెల్లుల్లి, శొంఠి పొడి వాడుతున్నాను." వంటలో వేసుకునేవి వేసుకోండి, ఇబ్బంది లేదు. మాత్రలుగా, పొడులుగా తీసుకునేవి రక్తం గడ్డకట్టడాన్ని కొంత ఆలస్యం చేస్తాయి కాబట్టి ఆపరేషన్‌కి రెండు వారాల ముందే ఆపండి. ఆస్పిరినో, వార్ఫరినో కూడా వాడుతుంటే మీ అంతట ఏదీ ఆపకుండా వాటి సంగతి డాక్టరునే అడగండి. మత్తు ఇచ్చే డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడిగినప్పుడు ఇవి మందులు కావు కదా అని చెప్పకుండా ఊరుకోవద్దు. ఆ సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి ఆయన బల్లమీద పెట్టండి.